పంచినను తరగనిది

ఏకమైన పరతత్త్వము అనేకమైనప్పుడు దాని నిండుదనమునకు లోటు కలుగునా, కలుగదా? ఈ ప్రశ్న మన నేలలో ఎంత లోతుగా పాతుకొని యున్నదో తెలిసికొనుటకు భాష్యగ్రంథములు తిరుగవేయ నక్కరలేదు. కోనసీమకు ఇరుదెసల నున్న రెండు క్షేత్రములను తలచుకొన్నను చాలును. తారకాసురుని కంఠమున నుండిన శివలింగము, కుమారస్వామి వానిని సంహరించినప్పుడు, ఐదు ఖండములై ఐదుచోట్ల పడినదనియు, ఆ యైదును పంచారామములుగా వెలసినవనియు పెద్దలు చెప్పుచు వచ్చిరి. అందు ద్రాక్షారామము గోదావరి పాయయైన గౌతమికి ఆవలి దెసను, క్షీరారామము మరియొక పాయయైన వసిష్ఠను దాటిన పిమ్మట పాలకొల్లులోను ఉన్నవి. రెండు నదుల నడిమి సీమవారు కార్తికమాసమున రెండింటికిని పోయి మ్రొక్కి వచ్చుచుందురు. అయినను ద్రాక్షారామ భీమేశ్వరుని ఎదుట నిలిచిన భక్తుడెవ్వడును తాను శివునిలో ఐదవ వంతునకు నమస్కరించుచున్నానని భావింపడు. ఖండమైనది అఖండముగా పూజలందుకొనుట చదువురాని వానికి కూడ సహజముగా తోచుచున్నది. చదివినవానికే అది చిక్కుప్రశ్న యగుచున్నది. పూర్ణమునుండి పూర్ణమును తీసినను మిగులునది పూర్ణమేయని ఈశావాస్యోపనిషత్తు శాంతిపాఠమున చెప్పబడిన అర్థమును మనము నిత్యము వల్లించుచునే యున్నాము గాని, అట్టి వస్తువు లోకమున నొక్కటి యైనను కంటికి కనబడునా యని అడుగువారు తక్కువ.

నేనీ ప్రశ్నను ఇప్పుడు ఒక యింటి గోడవెంబడి సాగు రెండు వైరుల మార్గమున విచారింపదలచితిని. ఇందు శాస్త్రమునకు చిన్నతనమేమియు లేదు. మన ఆచార్యులు తమ కాలమున తమ కన్నులయెదుట నుండిన కుండను, అద్దమును, త్రాటిని, నీటిలోని సూర్యబింబమును దృష్టాంతములుగా గ్రహించి బ్రహ్మవిచారము చేసిరి. వారే నేడు అమలాపురములోనో కొత్తపేటలోనో నివసించుచుండినచో, ప్రతి యింటను పలుకుచున్న ఈ స్పీకరు పెట్టెను విడిచిపెట్టి యుండెడివారని నేననుకొనను.

సందర్భమిది. కోనసీమ పాత లోగిళ్లలో నడుమ మండువా, చుట్టును వసారాలు, ఒక మూల దేవుని గది, వెనుక వంటిల్లు, ముందు వీధి అరుగు. తెల్లవారుజామున, సుబ్బులక్ష్మి 1963లో రికార్డుగా వెలువరించిన వేంకటేశ సుప్రభాతమో, 1974లో ఘంటసాల కన్నుమూసిన పిదప ఇంటింటికిని చేరిన ఆయన భగవద్గీతయో మండువాలోని స్పీకర్ల జోడునుండి వినవచ్చుచుండును. వంటింటనున్న ఇల్లాలికి రాగము చేరును గాని మాట చేరదు. అరుగుమీద కూర్చున్న వృద్ధునకు అదియును చేరదు. అందరికిని వినబడవలెనని పెట్టెను గట్టిగా పెట్టినచో మండువాలో చదువుకొను పిల్లలు చెవులు మూసికొందురు. అందుచేత గృహస్థుడు దేవుని గదిలో నొక జోడు, వంటింట నొక జోడు, అరుగున నొక జోడు పెట్టింపవలెనని సంకల్పించును. ఆంప్లిఫయరు ఒక్కటే, జోళ్లు నాలుగు. తీర్థములకును పెండ్లిళ్లకును మైకుసెట్లు కట్టు అనుభవజ్ఞుడొకడు ఇట్టి సంకల్పమును విని, "ఎన్ని నోళ్లు తగిలిస్తే అంత బాగా పలుకుద్దనుకుంటారండి. ఆయ్, పలుకుద్దండి, కానీ అన్ని నోళ్లకీ మేత పెట్టాల్సింది ఆ ఒక్క పెట్టే కదండీ" అని చెప్పగా, ఆ మాటలో నాకు ఒక దర్శనమంతయు ఇమిడియున్నట్లు తోచినది.

స్పీకరు వెనుక సామాన్యముగా 8 ఓమ్‌లు అని వ్రాసియుండును. అది దాని అవరోధము. లోపలి తీగచుట్ట విద్యుత్ప్రవాహమునకు ఎంత అడ్డు నిలుచునో తెలుపు కొలత. నిజమునకు ఆ యవరోధము ఒక్క అంకెలో నిలుచునది కాదు, స్వరముయొక్క స్థాయినిబట్టి హెచ్చుచు తగ్గుచు నుండును. లెక్కకొరకు 8 అనియే పట్టుకొందము. ఆంప్లిఫయరు ఒకానొక క్షణమున 4 వోల్టుల నిచ్చుచున్నదనుకొనిన, ఆ స్పీకరు అర ఆంపియరు ప్రవాహమును గుంజుకొని 2 వాట్ల శక్తిని గ్రహించును. ఇప్పుడు రెండవ స్పీకరును మొదటిదాని ప్రక్కనే, అనగా ఎఱ్ఱకొనను ఎఱ్ఱకొనకును, నల్లకొనను నల్లకొనకును చేర్చి, సమాంతరముగా సంధించితిమి. ఉన్న నాలుగు వోల్టులను రెండును చెరి రెండుగా పంచుకొనునని ఎవనికైనను తోచును. అట్లు జరుగదు. రెండవదానికిని నాలుగు వోల్టులే అందును. మొదటిదానికి వీసమైనను తగ్గదు. మూడవదానికిని నాలుగే, నాలుగవదానికిని నాలుగే. ఎన్ని చేర్చినను మూలము ఓపినంతవరకు ప్రతిదానికిని మూలస్వరము మొత్తముగా, కోతలేక, అందుచునే యుండును. వంటింటి స్పీకరు సుప్రభాతములో నాలుగవ వంతును పలుకుట లేదు, సుప్రభాతమునే పలుకుచున్నది.

ఈ విషయము ఎంత అపూర్వమైనదో గ్రహించుటకు మన సీమకు ప్రాణమైన గోదావరి జలమును ప్రక్కన పెట్టి చూడవలెను. ఆర్థర్ కాటన్ 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరము కడ ఆనకట్ట కట్టించిన నాటినుండి ఆ జలము తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంచబడుచున్నది; ఆ మధ్య డెల్టాయే కోనసీమ. పి. గన్నవరము కడ వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించి రాజోలు దిక్కునకు నీరు చేర్చుటకు ఆ దినములలోనే 49 ఖానాల అక్విడక్టును నిర్మించిరి. ఎంత నేర్పుతో పంచినను ఆ పంపకము నీటి పంపకమే: ఎగువవాడు ఒక తూము ఎక్కువ తెఱచినచో శివారు రైతు మడి ఎండును. ఒకని చేరినది రెండవవానికి చేరదు. ద్రవ్యముయొక్క స్వభావమే అది. స్వరముయొక్క స్వభావము అది కాదు. మనుష్యుడు దైవానుగ్రహమును గూర్చి అసూయపడుట, ఇతరునకు కలిగినది తనకు తగ్గినదని భావించుట, అనుగ్రహమును కాలువనీరుగా ఎంచుటవలననే పుట్టుచున్నదని నా యభిప్రాయము.

ఇంతటితో ముగింపవచ్చును గాని, మైకుసెట్టు కట్టువాని మాట ఇంకను మిగిలియున్నది. మేత పెట్టవలసినది ఆ యొక్క పెట్టెయే. ప్రతి స్పీకరునకును వోల్టేజి మొత్తముగా అందుచున్నను, ప్రతిదియు తనవంతు ప్రవాహమును గుంజుకొనును. ఒకటి యున్నప్పుడు అర ఆంపియరు. నాలుగున్నప్పుడు రెండు ఆంపియర్లు. బయటనుండి చూచినప్పుడు నాలుగు 8 ఓమ్‌ల స్పీకర్లు కలిసి 2 ఓమ్‌ల యొక్క భారముగా మూలమునకు కనిపించును. ఇండ్లలో వాడు ఆంప్లిఫయర్లలో పెక్కింటికి 4 ఓమ్‌లకు దిగువ నిలుచు శక్తి లేదు. అందులోని ట్రాన్సిస్టర్లు వేడెక్కును, రక్షణ ఏర్పాటున్నచో పెట్టె తనంతట తానే మూగవోవును, లేనిచో మాడిపోవును. వెనుకప్రక్క ఎ, బి అని రెండు జోళ్ల కొనలుండి, ఏదో యొకటి వాడునప్పుడు 4 ఓమ్‌లు చాలుననియు, రెండును కలిపి వాడునప్పుడు ఒక్కొక్కటి 8 ఓమ్‌లకు తగ్గరాదనియు తయారుచేసినవారు అచ్చువేయుట ఇందుకొరకే. కావున ఇచ్చుటలో రెండు అంశములున్నవి: స్వరము తరగదు, ఇచ్చువాని ఊపిరి తరుగును.

ఈ రెండింటి భేదమును కోనసీమ వేదాధ్యయనమునందు ప్రత్యక్షముగా చూడవచ్చును. గురువు సంత చెప్పుచున్నాడు. ఒక్కమారు తాను పలికిన పదమును శిష్యులు రెండేసి మారులు పలుకుచున్నారు. ఎదుట ఇద్దరు శిష్యులున్నను పదిమంది యున్నను ప్రతివానికిని చేరునది ఆ మంత్రమంతయు, ఆ స్వరమంతయు. పదవ శిష్యుడు వచ్చినందున మొదటివాని ఋక్కులో ఒక ఉదాత్తమైనను తగ్గదు. కాని పదిమంది తప్పులను విని దిద్దవలసిన గురువు గొంతు మాత్రము సాయంకాలమునకు బొంగురుపోవును. విద్య తరుగలేదు, గురువు అలసెను. ఆంప్లిఫయరును నేను పరబ్రహ్మమునకు ఉపమానముగా గ్రహింపక ఆచార్యునకు ఉపమానముగా గ్రహించుటకు హేతువిదియే. అది తన శక్తిని తాను సృష్టించుకొనునది కాదు. గోడలోనుండి వచ్చు కరెంటును ఆశ్రయించి, తనకు చేరిన సన్నని స్వరమును ఆ కరెంటుతో బలపఱచి పదిమందికి అందించునది. దానికి హద్దు కలదు, వేడి కలదు, మూగవోవుట కలదు. పూర్ణమునకు ఇవి లేవు. దృష్టాంతమును దాని గట్టు దాటించి లాగినవాడు శాస్త్రమునకు అపకారము చేసినవాడగును.

హద్దుగల మూలమునుండి హద్దులేనన్ని ముఖములకు స్వరము నందించుటకు విద్యుచ్ఛాస్త్రజ్ఞులు ఒక ఉపాయము కనిపెట్టిరి. పెద్ద తీర్థములలోను, రైలుస్టేషన్లలోను వాడు మైకుసెట్లు పలుచోట్ల 100 వోల్టుల లైను పద్ధతిని నడచును. మూలము స్వరమును హెచ్చు వోల్టేజికి ఎక్కించి దూరముగా పంపును. ప్రతి స్పీకరు కడ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు నిలిచి, ఆ హెచ్చు వోల్టేజిని ఆ స్పీకరు ఓర్వగలిగినంతకు దించి యందించును. గుడి వసారాలోని చిన్న పెట్టెకు 5 వాట్లు, మైదానములోని గొట్టమునకు 30 వాట్లు. దేని తాహతు దానిది, స్వరము మాత్రము అన్నింటను ఒక్కటియే. వైష్ణవాగమమైన పాంచరాత్రము భగవంతునకు పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చా యను ఐదు విధముల ఉనికిని చెప్పుచు, పరమపదమున నున్న తేజస్సే మెట్టు మెట్టుగా దిగి, చివరకు మన చేతులు తాకి స్నానము చేయింపగలిగిన శిలారూపమున నిలిచినదని బోధించినప్పుడు, ఆ దిగుట యందు తగ్గుట లేదని పట్టుపట్టి చెప్పినది. అంతర్వేదిలో వసిష్ఠ సముద్రమున కలియు చోట లక్ష్మీనరసింహుడుగా, ర్యాలిలో ఒకే శిలయందు ముందు విష్ణువుగాను వెనుక జగన్మోహినిగాను, అప్పనపల్లిలో బాలబాలాజీగా కొలువైయున్నవాడు ఒక్కడే యని తెలిసియు, ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరున మ్రొక్కుకొను మనవారిది అజ్ఞానమని ఎవరైన అన్నచో నేనంగీకరింపను. మన ఓర్పు కొలతకు దిగివచ్చిన దానిని ఆ కొలతలోనే అందుకొనుట వినయము.

ఇక అవరోధమును గూర్చి. అద్వైతులు ఉపాధిని గూర్చి చెప్పునప్పుడు సామాన్యముగా అది తొలగవలసిన అడ్డుగా చెప్పుదురు. భామతీప్రస్థానమువారు, కుండ ఆకాశమును హద్దుపఱచినట్లు అవిద్య చైతన్యమును హద్దుపఱచుచున్నదనిరి. వివరణప్రస్థానమువారు అద్దములో ముఖమువలె జీవుడు ప్రతిబింబమనిరి. రెండు వాదములందును కుండ పగులవలసినదే, అద్దము తొలగవలసినదే. స్పీకరును చూచిన పిమ్మట నాకు ఈ విషయమున ఒక సందేహము బలపడినది. అవరోధమే లేనిచో నేమగును? ఎఱ్ఱవైరును నల్లవైరును నేరుగా కలిపి చూడుడు: అడ్డు శూన్యము, ప్రవాహము అపారము, శబ్దము మాత్రము సున్న. ఒక్క క్షణమున మూలమే మూర్ఛిల్లును. స్వరము వినబడవలెనన్నచో ఆ ప్రవాహమునకు ఎదురునిలుచునది యొకటి యుండితీరవలెను. 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను ఇరువురు అమెరికా ఇంజనీర్లు ప్రకటించిన పద్ధతినే నేటికిని మన స్పీకర్లు చాలవరకు అనుసరించుచున్నవి: అయస్కాంతపు సందులో వ్రేలాడు తీగచుట్ట, దానికి అంటిన కాగితపు గరాటు; స్వరము ప్రవాహమై చుట్టలో ప్రవేశించినప్పుడు అయస్కాంతబలము దానిని ముందునకు వెనుకకు త్రోయును, గరాటు గాలిని కదపును. ఈ కదలికలో నొక రహస్యమున్నది. అయస్కాంతము నడుమ కదలిన చుట్ట తానును ఒక చిన్న వోల్టేజిని పుట్టించి, వచ్చిన దారినే మూలమునకు ఎదురు పంపును. స్పీకరు చూపు అవరోధములో కొంతభాగము ఈ ప్రత్యుత్తరమే. అనగా అది అడ్డుపడుచున్నదని మనము అనుకొన్నది కొంతవరకు అది బదులు పలుకుట.

జీవుని అహంకారము, శరీరము, దుఃఖము, తనదైన ఆ మొండితనము, ఇవన్నియు పరమాత్మకు అడ్డమేయని చెప్పి ఊరకుండుట న్యాయముగా నాకు తోచదు. అవి లేనిచోట నాదము లేదు, బదులును లేదు. సాధారణమైన ఇంటి స్పీకరు తాను గ్రహించిన శక్తిలో నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే శబ్దముగా మార్చును. తక్కినది వేడియై పోవును. మన ప్రార్థనల లెక్కయు ఇంచుమించు ఇంతేయని చెప్పినచో ఎవరును నొచ్చుకొనరనుకొందును. అయినను ఆ ఒకటి రెండు వంతులతోనే ఇల్లంతయు నిండుచున్నది. రామానుజులు జగత్తును, జీవులను ఈశ్వరునకు శరీరముగా చెప్పి, శరీరమును మిథ్యగా త్రోసివేయక నిలుపుటయందు గల గొప్పతనము ఇట్టి చోట నాకు స్పష్టమగుచున్నది. శంకరుల మాట అసత్యమని నా భావము కాదు. పారమార్థికముగా ఆ మాటకు మించినది లేదు. వినికిడి జరుగుచున్నంతకాలము మాత్రము వినిపించుదానిని నిందింపరాదని నా మనవి.

ఇచట కొనలను గూర్చి ఒక్కమాట. జోడులో నొకదానికి ఎఱ్ఱకొన నల్లకొనలు తారుమారైనచో, రెండును వేర్వేరుగా విన్నప్పుడు ఏ దోషమును కనబడదు. రెండింటిని కలిపి విన్నప్పుడు మాత్రము మంద్రస్థాయి మాయమగును. ఒకటి గాలిని నెట్టుచున్నప్పుడు రెండవది లాగుచుండును గదా. ఒకే యుపనిషత్తును పలుకు మతత్రయమువారు ఒకరినొకరు ఖండించుకొనిన శతాబ్దములలో లోతైన స్వరము ఏ మేరకు వినబడకుండ పోయినదో యని చింతించుచుందును.

బిగ్గరగా పలుకుట వేరు, అందరికిని వినబడుట వేరు. బయలులో దూరము రెట్టింపైనప్పుడెల్ల శబ్దము 6 డెసిబెల్లుల చొప్పున తగ్గును; చెవికి శబ్దము రెండింతలుగా తోచుటకు శక్తిని సుమారు పదింతలు పెంచవలెను. ఒక్క గొట్టముతో ఊరంతకును వినిపింపదలచినవాడు ఆ గొట్టము క్రింద నున్నవానిని హింసింపక తప్పదు. కోనసీమ పల్లెలలో ఉషఃకాలమున గుడిమీది గొట్టము, చర్చిమీది గొట్టము, మసీదుమీది గొట్టము ఒకదాని వెనుక నొకటి మేల్కొనును; ప్రతియొకటియు భగవంతుని పేరనే పలుకుచున్నది; పరీక్షకు చదువుకొను పిల్లవాడును, జ్వరముతో పడియున్న వృద్ధురాలును వాని నడుమ నలుగుచున్నారు. 2000లో కేంద్రప్రభుత్వము చేసిన శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగటివేళ 55, రాత్రివేళ 45 డెసిబెల్లుల హద్దును విధించి, రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు లౌడ్‌స్పీకర్లను నిషేధించినవి. 2005లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును గట్టిపఱచినది. చట్టము చేయగలిగినది ఆ మాత్రమే. ప్రతి గదిలో నొక చిన్న స్పీకరును, వినువాని దగ్గరగా, మెల్లగా పలుకునట్లు పెట్టు గృహస్థుడు చట్టము చేయలేని పనిని చేయుచున్నాడు. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు ఉద్దాలకునకు అంతర్యామిని గూర్చి చెప్పుచు, భూమియందుండి భూమికి తెలియక, నీటియందుండి నీటికి తెలియక, ప్రతిదానిని లోపలినుండి నడుపువానిని వర్ణించెను. లోపలనున్నవానికి కేక వేయవలసిన యవసరమే కలుగదు.

కనుమనాడు మొసలపల్లి శివారున జగ్గన్నతోటలో జరుగు ప్రభల తీర్థమునకును పంచినను తరగదను ఆ మొదటి న్యాయము చెల్లును. వ్యాఘ్రేశ్వరము, గంగలకుఱ్ఱు, ఇరుసుమండ, వక్కలంక, ముక్కామల, పాలగుమ్మి మొదలైన గ్రామములనుండి ఏకాదశరుద్రులు ప్రభలపై నెక్కి, పొలముల నడుమనుండి, గంగలకుఱ్ఱు ప్రభలైతే కౌశిక కాలువ నీటినే దాటి, ఆ కొబ్బరితోటను చేరుదురు. అచట గుడి లేదు. పదునొకండు ఊళ్లలో ప్రతి యూరివారికిని తమ రుద్రుడు సంపూర్ణుడే. పదునొకండుగురును ఒక్కచోట చేరినందున రుద్రుడు పదునొకండింతలు కాలేదు, విడిపోయినందున పదునొకండవ వంతును కాలేదు. 2023 గణతంత్రదినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటముగా ఈ తీర్థమును ఢిల్లీలో ప్రదర్శించినప్పుడు దేశము చూచినది రంగురంగుల ప్రభలను. చూపుటకు వీలుకానిది ఈ లెక్క.

స్పీకర్లను సమాంతరముగా సంధించుట యొక్కటే మార్గము కాదు. శ్రేణిగా సంధించుట మరొకటి కలదు. ఒక స్పీకరునుండి బయలుదేరిన వైరు రెండవదానిలో ప్రవేశించును, దానినుండి మూలమునకు మరలును. అప్పుడు అవరోధములు కూడుకొని 8కి 8 చేరి 16 ఓమ్‌లగును; మూలమునకు భారము తగ్గును. కాని నాలుగు వోల్టులు చెరి రెండుగా పంచబడును, ఒక్కొక్కదానికి అందు శక్తి రెండు వాట్లకు బదులు అర వాటుకు దిగును. పైగా ఒకదాని తీగ తెగినచో రెండవదియు మూగవోవును. ఒకరి మౌనము అందరి మౌనము. మోక్షవిచారమున మనవారిని చిరకాలము కలవరపెట్టిన ప్రశ్న ఈ రెండు సంధానముల నడుమనే యున్నట్లు నాకు తోచుచున్నది: ఒకడు ముక్తుడగుటకు తక్కినవారితో పని యున్నదా, లేదా? అనేకజీవవాదులు ఎవని ముక్తి వానిదేయనిరి, అది సమాంతరము. ఏకజీవవాదులు జీవుడొక్కడే, వాడు మేల్కొనినచో కల యంతయు ఒక్కసారిగ ముగియుననిరి. మహాయాన బౌద్ధులు, సమస్త ప్రాణులును గట్టెక్కువరకు తాను నిర్వాణమున ప్రవేశింపనని వ్రతము పట్టిన బోధిసత్త్వుని ఆదర్శముగా నిలిపిరి. అది మనఃపూర్వకముగా శ్రేణిలో నిలుచుట. ఆ బుద్ధుని స్తూపము యొక్క శిథిలములు మన ఆదుఱ్ఱులో, రాజోలు సీమలోనే, వైనతేయమునకు చేరువగా ఇప్పటికిని ఉన్నవి గాని, అచట నిలిచి ఈ ప్రశ్నను తలచువారు కొలదిమంది.

నలుగురున్న యింట ఈ చిక్కును విప్పు తీరు చూడదగినది. నాలుగు 8 ఓమ్‌ల స్పీకర్లను రెండేసి చొప్పున శ్రేణిగా కట్టి, ఆ రెండు జంటలను సమాంతరముగా చేర్చినచో మొత్తము మరల 8 ఓమ్‌లే యగును. మూలమునకు నాలుగున్నట్లే తెలియదు. గృహస్థధర్మము సరిగా ఇట్టిదే. భార్యాభర్తలు యజ్ఞమునందు, దానమునందు, అతిథిపూజయందు ఒకే తీగకు కట్టుబడినవారు. ఒకరు తెగినచో రెండవవారి కర్మ నిలిచిపోవును. కాని జంటకును జంటకును నడుమ, ఇంటికిని ఇంటికిని నడుమ, సంబంధము సమాంతరము. ధర్మమున ఇరుగుపొరుగుల ఫలము వారివారిదే.

మోక్షము మాత్రము పూర్తిగా సమాంతరమేయని, నా గది నాది, నా స్వరము నాదియని చెప్పుటకు నాకు ధైర్యము చాలకున్నది. సమాంతరముగా కట్టిన ఇంట ఒక గదిలోని స్పీకరును ఆపివేసినచో తక్కిన గదులకు నష్టము లేదు, మూలమునకు కొంత తేలికయే. దేవుడు వలదనువాడు ఆ యింటిలో నిశ్చింతగా నిదురింపవచ్చును, సుప్రభాతము వానిపై కోపింపదు. కాని ఆపివేయుట వేరు, కొనలు ఒకదానికొకటి తగులుట వేరు. వంటింట ఎలుక వైరును కొరికి ఎఱ్ఱతీగ నల్లతీగకు తాకినచో, మండువాలోను దేవుని గదిలోను అరుగుమీదను స్వరము ఒక్కసారిగా ఆగిపోవును. సమాంతరమునందును అందరు పట్టుకొని యున్నది ఒకే లైను గదా! పదునారవ శతాబ్దమున అప్పయ్యదీక్షితులు సిద్ధాంతలేశసంగ్రహమున పలు పక్షములను వివరించుచు, ముక్తుడైనవాడు వెంటనే శుద్ధబ్రహ్మమున లయింపక, జీవులందరును విముక్తులగువరకు ఈశ్వరభావమున నిలిచియుండునని సమర్థించిన పక్షము నాకు పూర్వము కొంత కల్పనగా తోచెడిది. ఒక గదిలోని దోషము ఇల్లంతటిని మూగచేయుట చూచిన వానికి అది కల్పనగా తోచదు. తన గదిలో స్వరము నిర్మలముగా వినబడుచున్నవాడు, ఏ గదిలో తీగలు తగిలియున్నవో వెదకుచు ఇల్లంతయు తిరుగక, ఎక్కడికి పోగలడు?